కంజరిలో నెత్తురు

సోమవారం, పోటు వేళ

దేవునికి స్తోత్రం. ముడులన్నీ బాగున్నాయి.

తాళ్ల మేస్త్రీ రోజూ ముడుల సంగతి రాసిపెట్టాలని తెప్పలపేట కమిటీ నియమం. కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం వరస గట్టిగా ఉంది. పడమటి వరసలో రెండు ముడులు నాచుపట్టి జారుతుంటే విప్పి కొత్త తాడు వేశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున మునిగిన పాత ఊరి వాటర్ ట్యాంకు కప్పు కనిపించింది. దాని మీద ఒక పెద్ద చేప నిద్రపోతోంది. కమిటీ అడిగింది ముడుల గురించే గానీ, సంఘానికి వాక్యం చెప్పేవాడికి ముడి దగ్గర ఆగడం చేతకాదు.

అమావాస్యకి చీట్లు తీసి ఇళ్ల తెప్పలు మార్చి కట్టాం కదా, ఈసారి మా పక్కకి చేపలు ఎండబెట్టేవాళ్లు వచ్చారు. మా ఆవిడ సలోమి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. "వచ్చే అమావాస్య దాకా ఊపిరి బిగబట్టుకో" అన్నాను. "నీ ప్రసంగం నడిచేటప్పుడు చేసేది అదేగా" అంది.

ఊపిరి పట్టేసే ఈ కొంగ జ్వరం ఇవాళ మరో రెండిళ్లకు వచ్చింది. జ్వరమొచ్చిన ఇంటిని ఊరికి ఎడంగా, గాలివాలుకి, దూరపు తాడు మీద వదలడం నా పనే. ఆ ఇంటి మీద పసుపు గుడ్డ ఎగరేస్తారు. దూరం నుంచి చూస్తే పెళ్లివారి పడవల్లా కళకళలాడుతున్నాయి. లోపల మనుషులు మాత్రం దగ్గుతున్నారు.

వదిలిన రెండిళ్లలో ఒకటి ఎస్తేరమ్మగారిది. మా సంఘానికి పెద్దదిక్కు. తాడు వదులుతుంటే గడపలో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఏవయ్యా జెకర్యా, తాడు కొత్తదేనా? మధ్యలో తెగితే సింహళంలో తేలతాను."

"కొత్తదేనమ్మా. ప్రార్థన చేసి మరీ పేనాను."

"ప్రార్థన సరే. పేనడం సరిగ్గా పేనావా?"

రెండో ఇల్లు గవరయ్యది. ఊళ్లో బ్యాటరీలన్నీ చార్జింగ్ పెట్టేది వాడే. నాతోపాటు పుట్టి, నాతోపాటు ఈత నేర్చుకుని, నాకు దేవుడు దొరికిన ఏడే దేవుడు లేడని తేల్చుకున్నవాడు. తాడు మీద ఎడంగా పోతూ చెయ్యి ఊపాడు.

"ఒరే జెకర్యా, ఇన్నాళ్లకి నీ గొంతు వినపడనంత దూరం దొరికింది రా."

పాపం, గాలి అటే వీస్తోంది.


మంగళవారం, ఆటు వేళ

జ్వరం ముదిరిందా లేదా అన్నది దగ్గు చెప్పదు, మొహమూ చెప్పదు, నెత్తురు చెబుతుంది. ఇది మన డాక్టరమ్మ నఫీసాగారి మాట. ప్రాణం రక్తంలో ఉందని మోషే కాలంలోనే రాసిపెట్టారమ్మా అన్నాను. "అప్పటికి పెట్టె లేదు కదండీ" అంది.

ఆవిడ తెప్ప మీద నెత్తురు చదివే పెట్టె ఉంది. అది నాలుగు గుర్తులు చూస్తుంది. ఒంట్లో మంట ఎంత ఎగసింది, రోగంతో పోరాడే తెల్లకణాలు ఎన్ని మిగిలాయి, నెత్తురు లోలోపల గడ్డకడుతోందా, ఇవి మూడు. నాలుగోది, ఊపిరితిత్తుల్లో కణాలు చితికి లోపలి సరుకు ఎంత బయటికి కారింది అన్నది. దాన్ని ఆవిడ ఎల్‌డీహెచ్ అంటుంది, నేను కారుడు అంటాను. నాలుగూ కూడి వందకి ఒక నెంబరు వేస్తుంది పెట్టె. ఈ జ్వరానికి కారుడే పెద్ద గుర్తు అని దానికే ఎక్కువ మార్కులు. నెంబరు పెద్దదైనకొద్దీ మనిషి ప్రమాదంలో ఉన్నట్టు.

శనివారం ఊపిరి ఓడ వస్తుంది. శ్వాస మిషన్లున్న పడకలు అందులో మనకి నాలుగే ఇస్తారు. పెద్ద నెంబరు ఉన్న నలుగురు ఎక్కుతారు. వెనక ఓడవాళ్లు మనుషుల్ని చూసి ఎక్కించుకునేవారు. అప్పుడు గట్టిగా ఏడ్చినవాళ్ల చుట్టాలే ఎక్కారు. అందుకని ఇప్పుడు నెంబరు తప్ప ఇంకేదీ చూడరు. న్యాయమే. దేవుడు కూడా మొహమాటం ఎరగడని వాక్యం.

నెత్తురు తీసేది జలగ. నిజం జలగ కాదు, అరచేతిలో పట్టే మిషను. రోగి దాన్ని చేతికి అంటించుకుంటే తాగి, మూత బిగించిన గొట్టం ఒకటి వదులుతుంది. గొట్టాన్ని దూరపు తాడు మీద బుట్టలో పెట్టి గంట కొడతారు. నేను బుట్ట లాగి, గొట్టాన్ని మందునీళ్లలో కడిగి, నా దోనెలో డాక్టరమ్మకు చేరుస్తాను.

దారిలో మా ప్రార్థన తెప్ప ఉంది.

ప్రియులారా, నా ఇరకాటం ఆలోచించండి. రోగుల మీద చేతులుంచి ప్రార్థించమని లేఖనం. రోగుల్ని ముట్టుకోవద్దని డాక్టరమ్మ. రెండూ ఆజ్ఞలే. జ్వరం మొదలైనప్పటినుంచీ మథనపడుతుంటే ఈ ఉదయం తెడ్డు వేస్తూ ఉండగా వెలుగు కలిగింది. మనిషిని ముట్టొద్దన్నారు. మనిషి ప్రాణమున్న నెత్తురు, మూత బిగించి, కడిగి, నా ఒళ్లోనే ఉంది కదా. చేతులుంచాల్సింది దాని మీద. ఏ వేదాంత కళాశాలా నేర్పని సంగతి ఇది. నేను ఏ కళాశాలకూ వెళ్లలేదు కాబట్టి తట్టింది.

గొట్టాలన్నీ సలోమి వాయించే కంజరిలో పరిచి, పైన చేతిగుడ్డ బిగించి కట్టాం. సంఘమంతా చుట్టూ నిలబడి పాట ఎత్తుకుంది. సలోమి కంజరి పట్టిందంటే ఎండ్రకాయలు కూడా గంతులు వేస్తాయి. తెప్ప ఒక పక్కకి ఒరిగేదాకా స్తుతించాం.

గవరయ్య గొట్టం మాత్రం నా చొక్కా జేబులోనే ఉంది. వాడు బుట్టతోపాటు కబురు పంపాడు, "నా నెత్తుర్ని నీ భజనలో కలిపావంటే మీ ఇంటి దీపం చార్జింగ్ ఆపేస్తా" అని. దీపానికి భయపడి కాదు. వద్దన్నవాడి కోసం చేసే ప్రార్థన వద్దన్నదానికి కట్టే తాళిలాంటిది.


బుధవారం, పోటు వేళ

ముడులు బాగున్నాయి. తక్కినవేవీ బాగోలేదు.

నిన్నటి నెంబర్లు వచ్చాయి. మా సంఘంలో జబ్బుపడ్డవాళ్లందరికీ డెబ్బైకి పైనే. ఎస్తేరమ్మగారికి ఎనభై ఎనిమిది. నమ్మకం లేని గవరయ్యకి నలభై ఒకటి.

"ఎనభై ఎనిమిది ఉన్నావిడ ఎలా ఉందండీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"పీతల పులుసు అడిగితే సలోమి పంపిందమ్మా."

"తినగలిగిందా?"

"ఉప్పు తక్కువైందని కబురు పెట్టింది."

డాక్టరమ్మ పెట్టెను ఒకసారి తట్టి చూసింది. తనే వెళ్లి చూద్దామంటే వేలికి పెట్టి ఊపిరి చూసే క్లిప్పులన్నీ ఉప్పుగాలికి తుప్పుపట్టాయి, కొత్తవి ఓడలోనే రావాలి అంది.

నాకు మాత్రం సంగతి తేటతెల్లం. శత్రువు పరిశుద్ధుల మీద పడ్డాడు. వాడికి తన సొంత మనుషులతో పనేముంది, నలభై ఒకటితో వదిలేస్తాడు. సాయంత్రం ప్రార్థన తెప్ప మీద నిలబడి నిప్పులు కురిపించాను. యెరికో పట్టణం గోడలు దేనికి కూలాయి, గునపాలకా, ఫిరంగులకా అని అడిగాను. కేకలకి. కాబట్టి కేక వెయ్యండి, తెడ్లతో తెప్పను కొట్టండి, ఇవాళ్టి గొట్టాలు సాతాను చెవులు పగిలేదాకా ఊగాలి అన్నాను. సంఘం నా మాట తీసెయ్యలేదు. కంజరి చేతులు మారింది గానీ ఆగలేదు.

గవరయ్యకి ఇదంతా వినపడింది. గరాటా నోటికి పెట్టుకుని అటునుంచి అరిచాడు.

"మీవాళ్లకి ఎనభైలూ తొంభైలూ అంట గదా. బళ్లో ఎప్పుడన్నా వచ్చాయంట్రా ఇన్ని మార్కులు?"


గురువారం, ఆటు వేళ

నెంబర్లు ఇంకా పెరిగాయి. ఎస్తేరమ్మగారికి తొంభై ఆరు. ఓడకి జాబితా తయారైంది, నలుగురూ మా సంఘంవాళ్లే. ఎస్తేరమ్మగారి కొడుకు దానియేలు అప్పుడే తల్లికి మూట కట్టేశాడు. గవరయ్యది నలభై తొమ్మిది. జాబితాలో వాడు బాగా కింద ఉన్నాడు.

మధ్యాహ్నం వాడి ఇంటికి మంచినీళ్ల బుడ్డి తీసుకెళ్లాను. దోనెను ఎడంగా ఆపి బుడ్డిని గెడతో అందించాను. వాడు గడపలో, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. నవ్వుమొహమే. పెదాలు మాత్రం నేరేడు పళ్లు తిన్నవాడివిలా ఉన్నాయి. ఇది నేరేడు పళ్ల కాలం కాదు.

"ఎలా ఉందిరా?"

"బానే... ఉంది." ఆగాడు. "నిన్న రాత్రి... పాట... బావుంది."

నేను తెడ్డు వదిలేశాను. అది నీళ్లలో పడి కొట్టుకుపోయింది. గవరయ్య సంగతి మీకు తెలుసు. నా పాట వినాలంటే చెవుల్లో తారు పోసుకుంటానన్నవాడు వాడు. నా కూతురి పెళ్లిలో నేను పాడుతుంటే మైకు బ్యాటరీ పీకినవాడు. వెక్కిరించడానికి కూడా ఊపిరి చాలకపోతే తప్ప మెచ్చుకోడు.

చేతులతోనే నీళ్లు తోసుకుంటూ డాక్టరమ్మ తెప్పకి వెళ్లాను.


అదే రోజు, దీపాలు పెట్టాక

"అమ్మా, మీ పెట్టెకి దయ్యం పట్టింది" అన్నాను. "చచ్చేవాడికి నలభై తొమ్మిది, పులుసు తినేవాళ్లకి తొంభై ఆరు వేస్తోంది."

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. వాడి పెదాల రంగు రెండుసార్లు అడిగింది. తర్వాత, గవరయ్య గొట్టానికీ తక్కిన గొట్టాలకీ తేడా ఏమిటి, అన్నీ ఒకే దోనెలో, ఒకే దారిలో వస్తాయి కదా అంది.

"ఒకే దారి కాదమ్మా. వాడిది నా జేబులో వస్తుంది. తక్కినవి ప్రార్థనలో వస్తాయి."

"ప్రార్థనలో అంటే?"

అడిగిందే చాలు, ఉత్సాహంగా వివరించాను. వెలుగు కలిగిన సంగతి, చేతులుంచే సంగతి, కంజరి సంగతి. ఆవిడ తన చేతినుంచే జలగతో రెండు గొట్టాలు తీసింది. ఒకటి స్టాండులో నిలబెట్టింది. రెండోది నా చేతికిచ్చింది.

"మీరు ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. ఏమీ తగ్గించొద్దు."

ఆవిడ వంటగిన్నె తీసుకుని గొట్టాన్ని అందులో వేసి, గుడ్డ బిగించి, పాట మూడు చరణాలూ పాడాను. మూడో చరణంలో లేచి నిలబడ్డాను. పక్క తెప్పలవాళ్లు వచ్చి తొంగిచూశారు. తగ్గించొద్దంది కాబట్టి ఆఖర్న ఒక కేక కూడా వేశాను.

ఆవిడ రెండు గొట్టాలనూ గింగిరాలు తిప్పే మిషన్లో పెట్టి తీసింది. ఎర్రదంతా అడుక్కి దిగి పైన నీరు తేలింది. ఒక గొట్టంలో నీరు గంజితేటలా లేత పసుప్పచ్చ. నేను పాడిన గొట్టంలో దానిమ్మ రసంలా ఎర్రన.

"రెండూ నా నెత్తురే" అంది డాక్టరమ్మ. "నెత్తురులో కణాలు చాలా సున్నితం బ్రదర్ గారూ. గట్టిగా ఊపితే వాటి గోడలు పగిలి లోపలిది బయటికి కారుతుంది. ఊపిరితిత్తులు చితికినా కారేది అదే. ఎక్కడ పగిలి కారిందో పెట్టెకి తెలీదు. మొత్తం లెక్కేస్తుంది."

"గోడలు" అన్నాను.

"అవును."

"కేకలకి."

ఆవిడకి నా ప్రసంగం తెలీదు కాబట్టి అర్థం కాలేదు. నాకు అర్థమయ్యింది. యెరికో కూలింది, ప్రియులారా. లోపల మన మనుషులే ఉన్నారు.

ఆవిడ పెట్టెను లోపలి లెక్కలు అడిగింది. మామూలుగా అది మొత్తమే చూపిస్తుంది, విడివిడిగా చూపడానికి బ్యాటరీ సగం తాగేస్తుంది. ఎస్తేరమ్మగారికి మంట తక్కువ, తెల్లకణాలు నిండుగా ఉన్నాయి, గడ్డ లేదు. కారుడు ఒక్కటే ఆకాశంలో ఉంది. గవరయ్యకి కారుడు ఓ మోస్తరు. తక్కిన మూడూ చెడ్డగా ఉండటం చూసి డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"నేనూ మొత్తమే చూస్తూ కూర్చున్నాను. విడివిడిగా చూడాల్సింది" అంది. "అందరి నెత్తురూ మళ్లీ కావాలి, ఓడ వచ్చేలోగా. తెచ్చేటప్పుడు..."

"ఊపను."

"పాడకండి కూడా. పాడితే ఊపుతారు."


శనివారం, ఆటు వేళ

నిన్న రాయడానికి చెయ్యి ఆడలేదు. పొద్దున్నే నెత్తురు మళ్లీ ఇమ్మని తాడు తాడుకీ కబురు చెప్పుకుంటూ తిరిగాను. రోగులు నీరసపడి సగంమంది సాయంత్రం దాకా ఇవ్వలేదు. సంఘంవాళ్లు ప్రార్థన తెప్ప మీద ఎదురుచూస్తుంటే దోనెను ఆపకుండా దాటించాను. సలోమి గొట్టాలను ఒళ్లో దూది మధ్య నిలబెట్టుకుని, పసిబిడ్డ నిద్రపోతున్నట్టు కూర్చుంది. నేను నోరు మూసుకుని తెడ్డు వేశాను. సలోమి మధ్యలో నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమో అని.

కొత్త నెంబర్లు ఇవాళ పొద్దున వచ్చాయి. జాబితాలోని ముగ్గురికి ఇంకా యాభైకి పైనే, వాళ్లకి జబ్బు నిజంగానే ముదిరింది. ఎస్తేరమ్మగారికి ఇరవై ఏడు. గవరయ్యకి డెబ్బై నాలుగు.

ఈలోగా ఓడ ముందే వచ్చేసింది. నేనూ డాక్టరమ్మా కొత్త జాబితా పట్టుకుని చేరేసరికి పాత జాబితాలోని నలుగురూ పైన పడకల మీద ఉన్నారు. గవరయ్యను కుర్రాళ్లు నా దోనెలోకి దించారు. కళ్లు మూసుకుని ఉన్నాడు. గాలి పీలుస్తుంటే మెడ నరాలు తాళ్లలా లేస్తున్నాయి. ఊరు ఊరంతా తెప్పల అంచుల మీద నిలబడి చూస్తోంది.

ఓడ కెప్టెన్ కొత్త జాబితా చూసింది. "నాలుగే పడకలు. ఒకరు దిగితే ఇతను ఎక్కుతాడు. ఆటు వెళ్లిపోతోంది, తొందరగా తేల్చుకోండి."

దానియేలు నాకు అడ్డం వచ్చాడు. "ఏంటి బ్రదర్ గారూ? మొన్న మా అమ్మకి తొంభై ఆరని మీరేగా చెప్పారు. ఇవాళ ఇరవై ఏడంటారా. మా అమ్మకన్నా దేవుడే లేడన్నవాడు ఎక్కువయ్యాడా?"

"ఎక్కువ కాదు దానియేలూ. వాడికి ఊపిరి తక్కువ."

"పెట్టె అప్పుడు తప్పు చెప్పి ఇప్పుడు ఒప్పు చెప్పిందని ఏంటి నమ్మకం? దిగేది లేదు."

పైనుంచి ఎస్తేరమ్మగారు మొహానికున్న గాలి గొట్టం తీసేసి లేచి కూర్చుంది.

"నువ్వాగరా దానీ. ఏవయ్యా జెకర్యా, ఆ తొంభై ఆరు ఎక్కడినుంచి వచ్చింది?"

నేను దగ్గరికెళ్లి నెమ్మదిగా చెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నా చెవిలో కాదు. మొన్న సాతాను అన్నప్పుడు ఎంత గట్టిగా అన్నావో అంత గట్టిగా చెప్పు. అప్పుడు దిగుతాను. లేకపోతే రేపు ఊరంతా, డాక్టరమ్మ తురకలావిడ కాబట్టి మనవాళ్లని దించిందంటుంది. ఆ మాట నేను బతికుండగా పడనివ్వను."

ముప్ఫై ఏళ్లుగా బోధిస్తున్నాను. ఇలాంటి ప్రసంగం ఒక్కటీ చెయ్యలేదు. దోనెలోకి చూశాను. గవరయ్య గుండె మీద చొక్కా ఎగసి పడుతోంది, ఎగసి పడుతోంది. ఓడ మైకు అడిగి తీసుకున్నాను.

"తెప్పలపేట ప్రజలారా" అన్నాను. "నేను తప్పు చేశాను. నెంబర్లు పెంచింది సాతాను కాదు, డాక్టరమ్మ కాదు. నెత్తురుని కంజరిలో వేసి ఊపించింది నేను. ఊపితే పగిలింది. మీరు నన్ను నమ్మి ఊపారు, తప్పు మీది కాదు. ప్రార్థన తప్పని చెప్పడం లేదు. ఊపడం తప్పు. నేను ఊపిన ఊపుకి ఇక్కడొక మనిషి ప్రాణం పోబోతోంది. వాడికి చోటివ్వండి. నేను తప్పు చేశాను."

 ఎస్తేరమ్మగారు దుప్పటి మడిచి చంకన పెట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే తనే దిగింది. నా పక్కన ఆగింది.

"వినపడింది" అంది. "దానీ, చూస్తూ నిలబడ్డావేం? ఆ మనిషి కాళ్లు పట్టు."

దానియేలు కాళ్లు పట్టాడు, నేను తల పట్టాను. పడక మీద పెడుతుంటే ఎప్పటిలాగే నా నోరు ప్రార్థనకి తెరుచుకుంది. వాడు వద్దన్నాడు కదా. మూసుకున్నాను. ఓడ కదిలింది.


ఆదివారం, పోటు వేళ

ముడులు బాగున్నాయి. ప్రార్థన తెప్ప సగం ఖాళీ. బ్రదర్ గారి కేకకి మనుషుల రక్తం పగులుతుందట అని పిల్లలు చెప్పుకుంటున్నారు. రెండు కుటుంబాలు మా వరసనుంచి తమ తెప్పలు మార్చి కట్టమని కమిటీకి అర్జీ పెట్టుకున్నాయి. మార్చాల్సింది నేనే. మార్చాను.

ఎస్తేరమ్మగారు పసుపు గుడ్డ కిందనుంచే గంట కొట్టి కొత్త పద్ధతి చెప్పింది. గొట్టాలు తిన్నగా డాక్టరమ్మకి వెళ్లాలి. అవి వెళ్లాక ఖాళీ బుట్ట మీద చేతులుంచి మన ఇష్టమొచ్చినంత అరుచుకోవచ్చు. వాక్యానికి లోటు లేదు, నెత్తురుకి దెబ్బ లేదు. ఇది నాకు తట్టనందుకు కాస్త కుళ్లుకున్నాను.

ఓడనుంచి కబురు లేదు.


బుధవారం, ఆటు వేళ

మధ్యాహ్నం డాక్టరమ్మ మనిషిని పంపింది, రేడియోలో నాకు పిలుపు వచ్చిందని. నేనూ సలోమీ పరుగున వెళ్లాం. డాక్టరమ్మ ముందుగా నెంబరు చెప్పింది. ముప్ఫై మూడు. నాలుగు గుర్తులూ విడివిడిగా అడిగి రాసుకుంది, నాలుగూ దిగుతున్నాయి. తర్వాత రేడియో నాకిచ్చింది.

"ఒరే" అంది గొంతు. బొంగురుగా ఉంది, కానీ గవరయ్యదే.

"చెప్పరా."

"ఓడలో అందరూ ఒకటే చెప్పుకోవడం. నువ్వు ఊరందరి ముందు మైకు పట్టుకుని తప్పు చేశానన్నావంట."

"అన్నాను."

"నీ పక్కన పుట్టి, నీ పక్కన ముసలాణ్ణయ్యాను. ఆ మాట ఒక్కసారన్నా అంటావేమో అని చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. నాకు తెలివి లేనప్పుడే అనాలంట్రా?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మళ్లీ చెప్పు."

సలోమి నా చొక్కా పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించింది.

"నేను తప్పు చేశాను" అన్నాను.

"రేడియో సరిగ్గా లేదు. ఏదో గరగర."

కాబట్టి లేచి నిలబడి, ప్రసంగం గొంతుతో, సముద్రానికి వినపడేలా మళ్లీ చెప్పాను. అటువైపు నవ్వు మొదలైంది. నేను చెవి ఒగ్గి విన్నాను. చాలాసేపు నవ్వాడు. ఎక్కడా దగ్గు రాలేదు.